లమై అద్దిన ఆకుపచ్చ

లమై కళ్ళు మూసుకుంటే చాలు, రంగులు వచ్చేవి. నిద్ర ఇంకా పూర్తిగా పట్టని ఆ కాసేపట్లో రెప్పల వెనక ముందు నది వచ్చి పడుకునేది. తర్వాత కాలువలు. కాలువల మధ్య పసుపు, నారింజ, ఆకుపచ్చ ముక్కలు ఒక్కొక్కటే వచ్చి తమ చోట తాము సర్దుకునేవి. వయసులో ఉన్నవాళ్ళకు కళ్ళు మూస్తే ఎవరి ముఖమో కనిపిస్తుందంటారు. లమైకి మాత్రం ఊరి పటం కనిపించేది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో ఆమె ఇదే చెప్పి నవ్వేది. వాళ్ళు నవ్వలేక నవ్వి, ఇచ్చిన టీ తాగేసి వెళ్ళిపోయేవారు.

మే క్లోంగ్ నది సముద్రంలో కలిసే చోట ఊరు. అక్కడి నగర ప్రణాళిక కార్యాలయంలో ఆమె పటాలకు రంగులు వేసేది. చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు. పెద్ద బల్ల, దాని మీద గుడ్డకు అంటించిన కాగితం, పింగాణీ గిన్నెల్లో రంగులు, మెత్తని కుంచె. ఇళ్ళుండే చోటు పసుపు, ఇళ్ళు ఒత్తుగా ఉంటే నారింజ, అంగళ్ళకు ఎరుపు, ఫ్యాక్టరీలకూ గోదాములకూ ఊదా, ప్రభుత్వ భవనాలకు నీలం, తోటలకూ పొలాలకూ ఆకుపచ్చ. ఏ నేల మీద ఏ రంగు పడితే అక్కడ దానికి తగ్గదే కట్టాలి, ఇంకోటి కట్టడానికి వీల్లేదు. అంటే లమై కుంచె ఎక్కడ ఆగితే ఊరు అక్కడ ఆగేది. ఈ సంగతి ఆమె ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు. నిర్ణయించేది పైవాళ్ళు, అద్దేది తను, అంతే అనేది.

కానీ ఆకుపచ్చ దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించేది. సీసాలోంచి వచ్చే ఆకుపచ్చ ఆమెకు నచ్చేది కాదు, ఆసుపత్రి గోడలా ఉంటుందనేది. అందులో చుక్క పసుపు కలిపి, పంపర పనస చిగురు రంగు తేలేదాకా గిన్నెలో తిప్పుతూ కూర్చునేది. బాంగ్ సాలీ కాలువ వెంట ఉన్న తోటలన్నిటికీ ఆ రంగే వేసింది. ఆ పని చేసినన్నాళ్ళూ వేళ్ళ సందుల్లో పచ్చదనం పోలేదు. అన్నం తింటుంటే పక్కవాళ్ళు, "ఏంటే, చెట్టెక్కి వచ్చావా?" అని ఏడిపించేవారు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, గిన్నెలు అటకెక్కాయి. లమై కొన్నాళ్ళు బెంగపెట్టుకుంది. అయితే తెర మీద పటం ఇంకో రకంగా అందంగా ఉందని త్వరలోనే తెలుసుకుంది. అది ఒకటి కాదు, పొరలు పొరలు. అన్నిటికన్నా అడుగున ఆకాశం నుంచి తీసిన ఫోటో, దాని మీద నది, నది మీద రోడ్లు, ఆపైన ఎవరి నేల ఎంతవరకో చెప్పే సన్నని గీతలు, అన్నిటి మీదా పల్చగా రంగు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక, ఫ్యాను గాలికి మగతగా ఉన్నప్పుడు, ఆమె ఒక్కో పొరనూ తీసేస్తూ పోయేది. రంగు పోయేది, హద్దులు పోయేవి, రోడ్లు పోయేవి. చివరికి నీళ్ళు మాత్రమే మిగిలేవి. ఎవరూ పుట్టకముందు ఈ చోటు ఇలాగే ఉండి ఉంటుంది కదా అనుకుని, ఆ నీళ్ళను చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయేది. ఆమె పై అధికారి వీరాఫోన్ వచ్చి బల్ల మీద తట్టేవాడు. "లమై అక్కా, ఊరంతా మాయం చేసేశావు. జీతాలిచ్చేలోపు మళ్ళీ పెట్టు" అనేవాడు.

ఇలా పాతికేళ్ళు గడిచాయి. బాంగ్ సాలీ వాళ్ళకు తమ తోటలకు ఒక రంగు ఉందనే తెలియదు. పటం కార్యాలయం గోడకు వేలాడుతూ ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగం మంది పక్క గదికి దారి అడగడానికి వచ్చినవాళ్ళే. అలాంటిది, ఉన్నట్టుండి పటాన్ని ఫోన్లలోకి ఎక్కించారు. ఎవరైనా తమ నేల మీద వేలు పెడితే చాలు, దాని హద్దూ రంగూ తేలతాయి. పాత పటం గడువు తీరిపోయి కొత్తది తయారవుతోంది కాబట్టి, రంగు మార్చాలనుకున్నవాళ్ళు అక్కడే వేలు నొక్కి అడగొచ్చు కూడా.

ఈ కబురు కాలువ వెంట మోసుకెళ్ళింది సమ్నియాంగ్. పడవలో పొయ్యి పెట్టుకుని ఇంటింటి మెట్ల దగ్గరా ఆగి నూడుల్స్ అమ్ముతుంది. ఆమెకు ఏ విషయమైనా నోట్లో నానదు. గిన్నె చేతికిచ్చి, రెండో చేత్తో ఫోన్ చూపించి, "ఇదిగో మీ తోట, ఇదిగో మీ రంగు" అంటూ కాలువ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. ఏ రంగు కావాలో అడిగి, వేలు కూడా తనే నొక్కిపెట్టింది.

అడిగినవన్నీ లమై తెర మీదకు చుక్కలుగా వచ్చాయి. ఆమె వాటికి రంగులిచ్చి చూసి నోరు తెరిచింది. బాంగ్ సాలీ కాలువ తిరణాలకు తయారైనట్టుంది. ఒక ఇల్లు ఎరుపు, పక్కిల్లు నీలం, దాని పక్కన నారింజ, ఆపైన పసుపు. నలుగురు మనుషులున్న లంకలో ఎర్రని బజారెందుకు? సాంగ్ అనే అవ్వ కోళ్ళ గూటి పక్కన ప్రభుత్వ భవనం ఎందుకు? అన్నిటికన్నా విడ్డూరం, సమ్నియాంగ్ తన ఇంటికి గులాబి అడిగింది. పటంలో గులాబి రంగే లేదు.

"పిచ్చెక్కిందా ఏంటక్కా వీళ్ళకి?" అన్నాడు వీరాఫోన్ తల గోక్కుంటూ.

ఆ రోజు మంగళవారం. కార్యాలయంలో టీ ఇచ్చే ఆవిడ గులాబి చొక్కా వేసుకుని వచ్చింది. నిన్న సోమవారం, అందరూ పసుపు వేసుకున్నారు. లమై ఆవిడ చొక్కాను చూసింది, తెరను చూసింది, ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. అక్కడ వారంలో ఒక్కో రోజుకు ఒక్కో రంగు. వాళ్ళు ఎవరు ఏ వారం పుట్టారో ఆ వారం రంగు అడిగారు. ఆదివారం పుట్టినవాళ్ళు ఎరుపు, గురువారం వాళ్ళు నారింజ, శుక్రవారం వాళ్ళు నీలం. కలిసొచ్చే రంగు నేలకూ కలిసిరావాలని. కొత్త పని మొదలుపెట్టే రోజున తను పుట్టిన వారం చూసుకుని మరీ చొక్కా తీసే వీరాఫోన్‌కి ఇది వెక్కిరించే సంగతిగా అనిపించలేదు. "అవునులే, ఎవరు మాత్రం చూసుకోరు?" అన్నాడు.

నవ్వుతూ నవ్వుతూనే లమై కళ్ళు ఊదా రంగు మీద పడ్డాయి. ఊదా శనివారానిది. రోడ్డు పక్కన, కాలువ దాకా సాగిన అందరికన్నా పెద్ద తోటకు ఊదా చుక్క పడి ఉంది. చేమ్ అనే ముసలి రైతు తోట అది. లిచీలు, పంపర పనసలు, కొబ్బరి. దాని వెనక ఉన్న పడావు నేలను ఏదో గోదాముల కంపెనీ ఈ మధ్యే కొన్నది. వాళ్ళూ ఊదానే అడిగారు. వాళ్ళ నేలకూ రోడ్డుకూ మధ్య అడ్డంగా ఉన్నది చేమ్ తోట ఒక్కటే.

"అదొక్కటీ మాత్రం గట్టిదే అక్కా" అన్నాడు వీరాఫోన్. "కంపెనీ అడిగింది, నేల గల మనిషీ అడిగాడు. ఇద్దరూ అడిగితే పటం ఖాయం చేసే కమిటీ కాదనదు. ఒక తోట ఊదా అయితే ఆ వరసంతా ఊదా అవడానికి ఎంతసేపు?"

"ఆయన అడిగింది గోదాము కాదు. కలిసొచ్చే రంగు."

"మరి వెళ్ళి చెప్పిరా. ఆయనంతట ఆయనే వద్దనాలి. మనం చెరిపేస్తే తప్పవుతుంది."

సెలవు రోజు పొద్దున్నే ఆమె సమ్నియాంగ్ పడవ ఎక్కింది. పోటు నీళ్ళు కాలువలోకి నిండుగా వస్తున్నాయి. పొగమంచు ఇంకా తేలిపోలేదు. చుక్కాని దగ్గర కూర్చున్న సమ్నియాంగ్ ఆగకుండా మాట్లాడుతోంది గానీ లమైకి సగమే వినపడింది. ఇన్నేళ్ళూ పైనుంచి చూసిన చోటు, మొదటిసారి పక్కనుంచి చూస్తోంది. తను వేలితో దాటిన వంపులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ నిదానంగా వచ్చి దాటిపోతున్నాయి. ఇక్కడ హద్దు గీత ఉండాలే అనుకున్న చోట తామర తీగలున్నాయి. కొబ్బరి నీడలు నీళ్ళలో విరిగి మళ్ళీ అతుక్కుంటున్నాయి. తను అద్దిన ఆకుపచ్చ ఇంత లోతుగా ఉంటుందని, దాని లోపల ఇంత చల్లగా ఉంటుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. మేలుకుని ఉన్నానా లేదా అని ఒకసారి చెయ్యి నీళ్ళలో పెట్టి చూసుకుంది.

"అక్కా, నాకు గులాబి ఎందుకు ఇవ్వరు?" అంది సమ్నియాంగ్.

"లేదమ్మా. పటంలో ఆ రంగు లేదు."

"అంత పెద్ద ఆఫీసు పెట్టుకుని ఒక గులాబి కొనుక్కోలేకపోయారా?"

చేమ్ తన తోటలోనే ఉన్నాడు. ఎత్తైన గట్లు, గట్ల మధ్య నీటి కాలువలు, ఆ కాలువల్లో ఒక మనిషి పట్టేంత పడవ. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అడుగు బురద తీసి చెట్ల మొదళ్ళకు వేస్తున్నాడు. లమై తనెవరో చెప్పింది. ఆయన చేతులు కడుక్కుని, పందిరి కింద చాప పరిచి, పంపర పనస ఒకటి కోసి ముందు పెట్టాడు.

"ఊదా ఎందుకు అడిగారు పెదనాన్నా?"

"నేను శనివారం పుట్టాను."

"అనుకున్నాను."

"శనివారం వాడికి ఆకుపచ్చ పడదు. చిన్నప్పటి నుంచీ ఆకుపచ్చ లుంగీ కూడా కట్టలేదు నేను. పెళ్ళినాడు అత్తగారిచ్చిన ఆకుపచ్చ గొడుగు తీసుకోనందుకు ఆవిడ పదేళ్ళు మాట్లాడలేదు. అంత జాగ్రత్తగా ఉన్నానా? మొన్న ఈ నూడుల్సు పిల్ల ఫోన్ చూపించి, మీ నేలంతా ఆకుపచ్చే పెదనాన్నా అంది. ఎప్పటి నుంచే అంటే పాతికేళ్ళంది." ఆయన వేళ్ళతో చాప అంచు సరిచేశాడు. "ఆ పటం వచ్చిన ఏడే నా భార్య బువాలాయ్ పోయింది. ఆ తర్వాతే లిచీలు కాపు మానేశాయి. నాలుగేళ్ళకోసారి కాస్తే కాస్తాయి, లేకపోతే లేదు. నేనేం పాపం చేశానా అని ఇన్నేళ్ళూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇప్పటికి తెలిసింది."

"లిచీకి చలి కావాలి పెదనాన్నా. చలికాలాలు మునుపట్లా..."

"చలి లేక కాయట్లేదని టీవీలోనూ చెప్తారు. చలి ఎందుకు పోయిందో చెప్పరేం?"

ఆయన ముఖంలో కోపం లేదు. పోయిన వస్తువు ఎక్కడ పడిందో తెలుసుకున్నవాడి తేలిక ఉంది. లమైకి అది చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆ తేలిక పోతుంది. తెరవకపోతే తోట పోతుంది. ఆమె పంపర పనస తొనలు రెండు ఒలిచింది. తర్వాత ఒక్క మాట కూడా దాచకుండా చెప్పింది. పటంలో ఊదా అంటే శనివారం కాదని, గోదాములని, లారీలని, మీ వెనక నేలవాళ్ళు ఎదురుచూస్తున్నది ఈ తోటకు ఆ రంగు పడటం కోసమేనని, కాలువలు పూడ్చి మట్టి పోస్తారని.

చేమ్ విన్నాడు. చెట్ల కింద పొడుగ్గా సాగిన నీటి వరసల కేసి చూశాడు.

"మరి శనివారం వాళ్ళకి వేరే రంగు లేదా?"

"లేదు."

"ఆ ఆకుపచ్చ పూసిందెవరు?"

"నేనే పెదనాన్నా."

ఆయన ఆమె చేతుల వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వు ఏ వారం పుట్టావమ్మాయ్?"

"బుధవారం."

"బుధవారానికి ఆకుపచ్చే కదా." ఆయన నెమ్మదిగా నవ్వాడు. "నీకు మంచిదని నాకు పూశావన్నమాట. తెలిసి చేసింది కాదులే."

లమై కళ్ళు తుడుచుకుంది. ఇంకొక దారి ఉందని చెప్పింది. ఆకుపచ్చ మీద ఏటవాలుగా తెల్లగీతలు వేస్తారు. అవి వేస్తే ఆ తోట ఎప్పటికీ తోటగానే ఉండాలి, కొన్నవాళ్ళు కూడా కదిలించలేరు. చేమ్ తన మణికట్టుకు భిక్షువు రక్షగా కట్టిన తెల్లని నూలు దారం చూపించి, "ఇలాంటివా?" అన్నాడు. అలాంటివే అంది. అయితే కింద రంగు మాత్రం ఆకుపచ్చే ఉంటుందని కూడా చెప్పింది, ఎందుకంటే ఆయన్ని మభ్యపెట్టడం ఆమెకు చేతకాలేదు.

"ఆకుపచ్చ లోపలే చావమంటావు" అన్నాడాయన. అందులో దెప్పు ఎంతుందో, ఎగతాళి ఎంతుందో ఆమెకు తెలియలేదు. "ఆలోచించుకోనీ అమ్మాయ్."

అప్పటి నుంచి, కొత్త పటం మీద ప్రజల మాట వినే సమావేశం దాకా లమైకి సరిగ్గా నిద్రలేదు. కళ్ళు మూస్తే నది వచ్చేది, కాలువలు వచ్చేవి, బాంగ్ సాలీ దగ్గరకు వచ్చేసరికి రంగు నిలిచేది కాదు. తెల్లవారుజామున ఒక కలలో చేమ్ ఆకుపచ్చ నీళ్ళలో నడుం లోతున నిలబడి ఉన్నాడు. నీళ్ళు పెరుగుతున్నాయి. బయటికి రండి పెదనాన్నా అని ఆమె పిలుస్తోంది. బయటికి వస్తే చెట్లకు నీళ్ళెవరు పెడతారు అని ఆయన తాపీగా అంటున్నాడు. మెలకువ వచ్చాక, చుక్కను తనే చెరిపేస్తే ఎవరికి తెలుస్తుందని ఒక్క క్షణం అనిపించింది. తన మీద తనకే ఒళ్ళు మండి, లేచి ముఖం కడుక్కుంది.

సమావేశం బౌద్ధ విహారం పక్క మండపంలో పెట్టారు. గోడకు తెల్లని దుప్పటి కట్టి దాని మీద ప్రొజెక్టరుతో పటం వేశారు. కంపెనీ తరఫున ఇస్త్రీ చొక్కా అతను ముందు వరసలో కూర్చుని అందరికీ చల్లని నీళ్ళ సీసాలు పంచాడు. వీరాఫోన్ రంగుల అర్థం చెప్తుంటే జనం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. సాంగ్ అవ్వ, "అయితే నా కోళ్ళ పక్కకి కలెక్టరు వస్తాడా?" అంది. మండపమంతా నవ్వులు. ఒక్కొక్కరూ లేచి తమ ఎరుపూ నీలమూ వెనక్కి తీసుకున్నారు. సమ్నియాంగ్ మాత్రం గులాబి వదలనంది. ఆ విన్నపం రాసుకుంటామని వీరాఫోన్ సర్దిచెప్పాడు.

చేమ్ అందరికన్నా చివర లేచాడు. లమై కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"ఊదా అడిగింది నేనే" అన్నాడాయన. "అదేంటో తెలియక అడిగాను. ఇప్పుడు తెలిసింది. అయినా ఒక మాట చెప్తున్నా, ఆకుపచ్చ నాకు పడదు. ఈ అమ్మాయి ఎంత చెప్పినా పడదు."

కంపెనీ మనిషి తల ఎత్తాడు.

"నిన్న తోటంతా తిరిగాను. ఒక్కో చెట్టు దగ్గరా ఆగాను. ఈ లిచీని నాటింది మా తాత. అది ఏ వారం పుట్టిందో ఎవరికి తెలుసు? పంపర పనసకి అంటు కట్టింది నేనే, ఏ వారం కట్టానో నాకే గుర్తులేదు. వందల చెట్లున్నాయి. శనివారం పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే." ఆయన కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఆ రంగు చెట్లకి వేసింది, నాకు కాదు. వాటికి పడుతోంది కదా. నేను ఉన్నన్నాళ్ళు ఓర్చుకుంటాను. అలాగే ఉంచండి."

వీరాఫోన్ గొంతు సవరించుకుని, "తెల్లగీతలు కూడానా పెదనాన్నా? అవి పడితే ఇక మార్చుకోవడానికి ఉండదు. మీ తర్వాత మీవాళ్ళకి కూడా" అన్నాడు.

"వెయ్యండి. నేను చూస్తుండగా వెయ్యండి."

లమై ఊదా చుక్కను తీసేసింది. తోట చుట్టూ హద్దు పట్టుకుని గీయడం మొదలుపెట్టింది. రోడ్డు వైపు అంచు అయింది, కాలువ వైపు తిరిగేసరికి కళ్ళ నిండా నీళ్ళు నిండి తెర కనపడలేదు. దుప్పటి మీద ఆ గీత అందరి ముందూ వంకరపోయి నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

"గీత వంకరొస్తోంది అమ్మాయ్" అన్నాడు చేమ్.

"మళ్ళీ గీస్తాను పెదనాన్నా" అని లమై కళ్ళు తుడుచుకుంది.